బస్సులు ఆగిన ఏడాది మా గురువారాలు

హాజరు పిలుస్తూ పన్నెండో పేరు దగ్గర ఆగిపోయాను. పేరు కళ్ళ ముందే ఉంది, నేను రాసిందే. అయినా ఆ నాలుగు అక్షరాలను కూడబలుక్కునే ఓపిక నాలో లేదు. రెండో తరగతి పిల్లలు నలభై మంది కాసేపు ఎదురుచూశారు. తర్వాత నవ్వారు. ఆ తర్వాత వాళ్ళకూ భయమేసి నోళ్ళు మూసుకున్నారు. నేను రిజిస్టరు మూసి, గంట కొట్టేదాకా కుర్చీలోనే కూర్చున్నాను.

ఇది పంతొమ్మిది వందల అరవై ఎనిమిది చివర్లో, చలి మొదలైన రోజుల్లో జరిగింది. నా పేరు శాంతమ్మ. మొయినాబాద్‌లో ప్రాథమిక పాఠశాల టీచరును. అప్పటికి నాకు ముప్పై ఆరేళ్ళు. నా భర్త దేవదానం చేవెళ్ళలో ఒక ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తా, రోజూ బస్సులో పోయి వచ్చేవారు. ఇంట్లో ఇద్దరు ఆడపిల్లలు, మా అత్త మరియమ్మ, మేమిద్దరం.

ఇప్పుడు పంతొమ్మిది వందల డెబ్బై ఒకటో సంవత్సరం. ఇంతకాలం ఈ సంగతులు రాయడానికి చేతులు రాలేదు. ఇప్పుడు రాస్తున్నది కొంత నా కాళ్ళు నేలమీద నిలబడ్డాయని నాకు నేను చెప్పుకోవడానికి. కొంత మా చుట్టుపక్కల ఊళ్ళలో తలుపు వేసుకుని లోపల కూర్చున్న వాళ్ళ కోసం. వాళ్ళు ఉన్నారని నాకు తెలుసు.

అరవై ఎనిమిది, చలికాలం

కారణం ఏమిటని అందరూ అడిగారు. చెప్పుకోదగ్గ కారణం ఒక్కటీ లేదు. ఇంట్లో ఎవరూ పోలేదు. నన్ను ఎవరూ ఒక్క మాట అనలేదు. అదే నన్ను ఎక్కువ కుంగదీసింది. ఏదైనా జరిగి ఉంటే దాని పేరు చెప్పి ఏడ్చేదాన్ని.

తెల్లవారకముందే మెలకువ వచ్చేది. కళ్ళు తెరవగానే రొమ్ము మీద ఎవరో తిరగలి రాయి పెట్టినట్టుండేది. అన్నం మట్టిలా తగిలేది. చిన్నమ్మాయి వచ్చి ఒళ్ళో కూర్చుంటే దాని బరువు తెలిసేది కానీ దాని మీద ప్రేమ తెలిసేది కాదు. కన్నబిడ్డ మీద ప్రేమ పుట్టని తల్లి బతికి ఎవరికి లాభం అనుకునేదాన్ని. ఆ ఆలోచన రోజుకు ఒకసారి వచ్చేది, తర్వాత పూటకు ఒకసారి, తర్వాత పోవడమే మానేసింది.

"ఏం తక్కువైంది నీకు? ఉద్యోగమున్నది, మొగడున్నడు, బంగారసొంటి పిల్లలున్నరు," అనేది అత్త. ఆమెకు నా మీద కోపం లేదు. అర్థం కాలేదు, అంతే. ప్రార్థన తక్కువైందని చెప్పి మా ఇంట్లోనే ప్రార్థన పెట్టించింది. వచ్చిన వాళ్ళందరూ నా తలమీద చేతులుంచి ప్రార్థించారు. నేను కళ్ళు మూసుకుని, వీళ్ళు ఎప్పుడు వెళ్ళిపోతారా అని లెక్కపెట్టుకున్నాను. దేవుడు కూడా నాకు వినపడని చోటికి వెళ్ళిపోయాడన్న సంగతి ఆ రోజే తెలిసింది. ఆ మాట ఎవరికీ చెప్పుకోలేదు.

చివరికి మా ఆయన సెలవు పెట్టి నన్ను నగరంలో మనసు జబ్బులు చూసే పెద్ద దవాఖానకు తీసుకుపోయారు. బస్సులో ఎవరైనా అడిగితే పంటినొప్పి అని చెప్పమన్నారు.

అక్కడి వరండాలో పొడుగాటి బల్లలు. ఎవరూ ఎవరి ముఖమూ చూడరు. ఆడవాళ్ళు కొంగులు ముక్కుదాకా లాక్కుని కూర్చున్నారు. నా పక్కన ఉన్నామె ముఖం సాయంత్రం దాకా నాకు కనపడనే లేదు. చేతి వెండి కడియాలు మాత్రం తెలుసు. ఎదురు బల్లమీద నలభై దాటిన మనిషి, తెల్ల అంగీ, చెవి మీద సుద్దముక్క పెట్టుకుని ఉన్నాడు. మా వైపు వంగి, మెల్లగా అన్నాడు:

"చేవెళ్ళ బస్సుల చూసిన మిమ్ముల. టీచరమ్మ గదా? నా పేరు నర్సింహులు, చేవెళ్ళల దర్జీని. మొదటిసారా?"

మా ఆయన నా తరఫున తల ఊపారు.

"డాక్టరు సాబు మంచోడే, గని మాట్లాడేది రెండు నిమిషాలే. చెప్పేది ముందుగాల మనసుల అనుకొని పోండ్రి. లేకుంటే బయటికొచ్చినంక యాదికొస్తది, బస్సుల కూసొని ఏడుస్తరు. నేను రెండేండ్లు అట్లనే ఏడ్చిన."

జేబులోంచి జామకాయ తీసి గోటితో చీల్చి సగం నాకిచ్చాడు. ఎన్నో రోజుల తర్వాత ఆ జామ ముక్కకు కొంచెం రుచి తెలిసింది. లోపలికి పోయి, అతను చెప్పినట్టే, అనుకున్నవి అనుకున్నట్టు చెప్పాను. డాక్టరు తెల్ల గోలీలు రాసిచ్చి, నెలకోసారి తప్పకుండా రమ్మన్నాడు.

పక్కన కూర్చున్న కడియాల చేతులామె కూడా మా బస్సులోనే తిరిగి వచ్చింది. మొయినాబాద్‌లో దిగి సురంగల్ దారిన నడిచిపోతుంటే ముఖం చూశాను. పేరు లచ్చమ్మ. భర్త పోయాక సొంతంగా సేద్యం చేసుకుంటున్న మనిషి.

నెలన్నరకు గోలీలు కొంచెం పట్టాయి. హాజరు చివరిదాకా పిలవగలిగాను. ఇక గట్టెక్కానని ఆయన మా వాళ్ళకు ఉత్తరం కూడా రాశారు.

అరవై తొమ్మిది, ఎండాకాలం

ఆ ఏడాది మొదట్లోనే నగరంలో విద్యార్థులు ప్రత్యేక రాష్ట్రం కావాలని రోడ్లమీదికి వచ్చారు. మా బడి గోడ మీద రాత్రికి రాత్రి నల్ల అక్షరాలు వెలిశాయి. మొదట ఒకరోజు, తర్వాత వారం, తర్వాత ఎప్పుడు తెరుస్తారో తెలియకుండా బడి మూతబడింది. ఎండలు ముదిరేసరికి ఆఫీసులూ ఆగిపోయాయి. బస్సు అద్దాలు పగిలాయని ఒకరోజు, నగరంలో కాల్పులని ఇంకోరోజు, కర్ఫ్యూ అని మరోరోజు. చేవెళ్ళ రోడ్డు మీద గంటకొకటి పోయే బస్సు వారాలకు వారాలు కనపడలేదు.

ప్రత్యేక రాష్ట్రం రావాలని మా ఇంట్లో కోరుకోని వాళ్ళు లేరు. ఆయన సమ్మెలో ఉన్నారు. నేనూ ఒప్పుకున్నదే. కానీ నా లోపలి సంగతి వేరు. పొద్దున తొమ్మిదికి చీర కట్టుకుని బడికి పోవాలన్న ఒక్క పనే అప్పటిదాకా నన్ను నిలబెట్టిందని అది పోయాక తెలిసింది. ఊరంతా నినాదాలతో ఊగిపోతుంటే నేను గోడవైపు తిరిగి పడుకునేదాన్ని. ఇంతమంది ఇంత పెద్ద దాని కోసం జైళ్ళకు పోతున్నారు, నాకు లేచి తల దువ్వుకోవడం చేతకాలేదు అని సిగ్గుతో చచ్చిపోయేదాన్ని.

గోలీలు అయిపోవచ్చాయి. రోజుకు ఒకటి వేసుకోవలసింది సగం చేశాను. అది తప్పని చెప్పేవాళ్ళు లేరు.

ఆయన సహనం కూడా అరిగిపోయింది. ఒకరోజు పిల్లల జడలు అత్త వేస్తుంటే చూసి, కంచం ముందునుంచి లేచిపోయారు.

"బయట ఒక లొల్లి, ఇంట్ల ఒక లొల్లి. మనిషి అన్నంక జర ధైర్యం జేసుకోవాలె గదా శాంతా! నీ అంతల నువ్వు లేవకుంటే ఎవరు లేపుతరు?"

పెద్దమ్మాయి, దానికి పదేళ్ళు, "నాయినా, అమ్మను అనకు" అంది. ఆ మాట నన్ను ఆయన మాటకన్నా ఎక్కువ కోసింది. బిడ్డ నాకు కాపలా కాస్తోంది.

ఆ వారంలోనే ఒక మిట్టమధ్యాహ్నం, అందరూ అన్నాలు తిని పడుకున్నాక, చెప్పులు కూడా వేసుకోకుండా ఇంట్లోంచి బయటపడ్డాను. గండిపేట చెరువు వైపు నడిచాను. తిరిగి రావాలన్న ఆలోచనతో నడవలేదు. ఇంతకన్నా రాయను. రాయవలసింది ఒక్కటే. ఆ ఎండలో నాకు భయం వేయలేదు. భయం కూడా పోయినప్పుడు అది ఎంత చెడ్డ ఘడియో ఇప్పుడు నాకు తెలుసు. ఎవరికైనా అట్లా అనిపిస్తే, దయచేసి, ఎవరినో ఒకరిని పిలవండి. ఎవరైనా సరే.

ఊరు దాటి మైలు నడిచానేమో. వెనకనుంచి ఒక సైకిల్ వచ్చింది. దాని మీద నర్సింహులు, తలకు తువ్వాల, అంగీ అంతా చెమట. నన్ను దాటిపోయి, మళ్ళీ వెనక్కి వచ్చాడు.

"టీచరమ్మా, గీ ఎండల ఎటు పోతున్నరు?"

"తెల్వదన్నా," అన్నాను.

అతను నా కాళ్ళు చూశాడు. ముఖం చూశాడు. సైకిల్‌ను తుమ్మచెట్టుకు ఆనించి, దాని పలచని నీడలో కూలబడ్డాడు.

"నాకు కాళ్ళు గుంజుతున్నయి. చేవెళ్ళ సంది తొక్కుకుంట వచ్చిన. జరసేపు కూసుంట. మీరు గూడ కూసోండ్రి, ఒక్కన్నే కూసుంటే నాకు గుండె దడదడ అంటది."

కూర్చున్నాను. అతను తువ్వాలతో చెమట తుడుచుకున్నాడు. తర్వాత అతను నేల చూస్తూ అన్నాడు: "మీ ఇంటికే పోయిన. మీరు లేరన్నది మీ అత్త. ఇటు పోంగ ఎవరో చూసిన్రట. నా గోలీలు ఒడిసిపోయి పదిహేను దినాలైంది. నేనెట్లున్ననో మీకు చెప్పరాదు. మీ దగ్గర ఏమన్న మిగిలినయేమో అని..."

ఏడు మిగిలాయి. అవి ఇంట్లో అలమారలో ఉన్నాయి. ఇవ్వాలంటే నేను ఇంటికి పోవాలి. ఆ రోజు నన్ను వెనక్కి తిప్పింది పిల్లల మీద ప్రేమ కాదు, దేవుడి మీద నమ్మకం కాదు, ఉన్నది ఉన్నట్టు చెబుతున్నాను. ఆ ఏడు గోలీలు ఇంకొక మనిషికి కావాలి. అంతే. లేచి అతని సైకిల్ పక్కన నడిచాను.

ఇంటి దగ్గర రూతమ్మ ఉంది. ఆమె క్షయరోగుల దవాఖానలో ఇరవై ఏళ్ళు నర్సుగా చేసి, ఉద్యోగం అయిపోయాక మా వాడకట్టులోనే ఉంటోంది. అత్త కాలి పుండుకు కట్టు కట్టడానికి వచ్చింది. నేను గోలీల పొట్లం నర్సింహులు చేతిలో పెట్టబోతుంటే ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"ఇవి పంచుకునేటివి కావు. నీ మందు అతనికి పడుతదని ఎవరు చెప్పిన్రు?"

"మరి నేనేం జెయ్యాలె నర్సమ్మా?" అన్నాడు నర్సింహులు. నలభై దాటిన మగవాడు మా గుమ్మం ముందు నిలబడి చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. "రోడ్డు బందు, దవాఖాన బందు. నా లోపల మాత్రం ఏదీ బంద్ అయితలేదు."

రూతమ్మ కట్టు ముడివేసి, చేతులు కడుక్కుని, మా ఇద్దరినీ తన ఇంటి వరండాలోకి తీసుకుపోయింది.

గురువారాలు

"నేను డాక్టరును కాను," అని మొదలుపెట్టింది రూతమ్మ. "క్షయ దవాఖానల మందు లేని దినాలు గూడ ఉండె. అప్పుడు రోగులకే నేర్పినం. జ్వరం ఏ గడియకొస్తది, రాకముందు ఒంట్ల ఏమైతది, ఎప్పుడు పండాలె, ఎప్పుడు లేవాలె, అన్ని వాళ్ళే రాసుకునేటోళ్ళు. డాక్టరు కంటె ముందు వాళ్ళకే తెలిసేది. ఒకళ్ళకొకళ్ళు చెప్పుకునేటోళ్ళు. మనసు జబ్బుకు అది పనిజేస్తదో లేదో నాకెరుక లేదు. రోడ్డు తెరిచేదాక ఊకె కూసునుడు కంటె నయం."

అట్లా మొదలైంది. ప్రతి గురువారం మధ్యాహ్నం ఆమె వరండాలో చాప. సురంగల్ లచ్చమ్మకు నేనే కబురు పంపాను. ఆమె వచ్చి స్తంభం చాటున కూర్చుంది, రెండు వారాలు నోరు తెరవలేదు. మూడోవారం మాత్రం ఒక్కసారిగా చెప్పేసింది:

"చేన్ల పనిజేస్తుంటె ఊపిరాడదు. ఇగ సచ్చిన అనిపిస్తది. పొద్దు నడినెత్తికొచ్చే యాళ్ళకే వస్తది. మా ఆయన గా యాళ్ళకే పోయిండు."

ఈ సంగతి ఆమె దవాఖానలో కూడా చెప్పలేదట. అడిగేవాళ్ళు లేక.

రూతమ్మ మమ్మల్ని అడిగేవి మూడే మాటలు. ఈ వారం ఏ గడియ కష్టమైంది? అప్పుడేం చేసినవు? ఎవరికి చెప్పినవు? నాకూ నర్సింహులుకూ తలా ఒక నోటుబుక్కు ఇచ్చింది. లచ్చమ్మకు చదువు రాదు. మంచిగా గడిచిన పూటకు గోడ మీద సున్నం బొట్టు, గడవని పూటకు బొగ్గు గీత పెట్టుకునేది. "మా ఇంటి గోడ నిండ బొగ్గే" అని మొదట్లో నవ్వేది. ఆ నవ్వు చూడలేకపోయేవాళ్ళం.

ఇది చదివి ఎవరైనా పుస్తకం రాసుకుంటే జబ్బు పోతుందనుకుంటారేమో. పోదు. మొదటి మూడు వారాలు నా పుస్తకంలో "ఏం చేసినవు" అన్నచోట "ఏమీ లేదు" అనే రాశాను. నాలుగో వారం రూతమ్మ కోప్పడింది.

"ఏమీ లేదు అంటే ఎట్ల? ఊపిరి తీసుకున్నవు గదా. ఇంకొకటి చేయి. గంతకంటె నేను అడుగ."

తెల్లారి మెలకువ రాగానే పడుకుని ఉండకుండా వాకిలి ఊడ్వడం మొదలుపెట్టాను. ఊడుస్తూ ఏడ్చేదాన్ని. రెండు గజాలు ఊడ్చి చీపురు పడేసి లోపలికి వచ్చిన రోజులున్నాయి. అయినా రొమ్ము మీది రాయి ఏ ఘడియకు ఎక్కువ బరువో, ఏ ఘడియకు కొంచెం జరుగుతుందో మెల్లగా తెలిసింది. మధ్యాహ్నం మూడు దాటితే కొంచెం నయం. అది తెలిశాక పొద్దున్నే అన్నీ తెంచుకోవాలనిపించినప్పుడు, మూడుదాకా ఆగుదాం అనుకునేదాన్ని. అన్ని రోజులూ ఆగగలిగానని కాదు, ఆగలేనప్పుడు రూతమ్మ ఇంటికి పోయి కూర్చునేదాన్ని. ఆమె నాతో మాట్లాడేది కాదు, తన పని తను చేసుకునేది. ఆ మౌనం నాకు మందులాగా ఉండేది.

"ఎవరికి చెప్పినవు" దగ్గర మాత్రం నేను అబద్ధం రాశాను. గండిపేట దారి సంగతి మా ఆయనకు చెప్పలేదు.

నర్సింహులు చాలా వారాలు తన జబ్బు పేరు చెప్పలేదు. గుండెదడ అనేవాడు. చివరికి ఒక గురువారం, చేతులు తొడల కింద పెట్టుకుని చెప్పాడు.

"కత్తెర. అంగీకి మెడ కొలత తీసుకుంట గదా... పక్కల కత్తెర ఉంటది. మనసుల ఒక మాట వస్తది, పొడుస్తవు అని. నాకు ఎవరి మీద పగ లేదు. చీమను చంపలే. అయినా వస్తది. పదేండ్ల సంది వస్తున్నది. అందుకే అంగీలు బంద్ జేసిన, దిండు గలీబులు కుడుతున్న."

లచ్చమ్మ ఒక్క నిమిషం అతని చేతులకేసి చూసి, "నీ చేతులు నువ్వే కట్టేసుకున్నవు గదా అన్నా. గసొంటోడు ఎవలను పొడుస్తడు?" అంది. అతను నవ్వి, ఏడ్చి, మళ్ళీ నవ్వాడు.

రూతమ్మ అంది: "మాకు చెప్పినవు, మంచిది. ఇంట్ల ఒక్కరికి చెప్పు. మీ అన్నకు చెప్పు. ఒక్కనివే మోయకు."

అతను చెప్పాడు. దాని తర్వాత రెండు గురువారాలు రాలేదు.

వానలు మొదలయ్యాక

సంగతి తెచ్చింది మా ఆయనే. సమ్మె పనిమీద సైకిల్‌పై చేవెళ్ళ పోయి వచ్చి, కాళ్ళు కడుక్కుంటూ చెప్పారు.

"మీ దర్జీ నర్సింహులు లేడా, పిచ్చి ముదిరిందట. వాళ్ళన్న అర్రల ఏసి తాళం పెట్టిండట. పది దినాలైంది."

పరుగున రూతమ్మ ఇంటికి పోయాను. ఆమె విని గోడకు చేరగిలపడింది.

"చెప్పుమన్నది నేనే," అంది. "వినేటోనికి ఎట్లుంటదో నేను ఒక్కపారి గూడ ఆలోచించలే."

చేవెళ్ళ పది మైళ్ళు. బస్సు లేదు. లచ్చమ్మకు కబురు పంపితే మర్నాడు పొద్దున్నే ఎడ్లబండి కట్టుకుని, తనే తోలుకుంటూ వచ్చి మా ఇంటి ముందు ఆపింది. ఆడమనిషి బండి తోలడమేమిటని దారిలో నవ్వినవాళ్ళను ఆమె పట్టించుకోలేదు.

మా ఆయన వద్దన్నారు. "రోడ్డు మీద పోలీసులు తిరుగుతున్నరు. నువ్వే సరిగ్గ లేవలేని దానివి, నువ్వు పోయి ఎవరిని ఉద్ధరిస్తవు?"

"నాకు తెల్వది," అన్నాను. "గని నేను పోవాలె."

ఆయన సైకిల్ తీశారు. బండి వెనకాలే దారి పొడుగునా, నడిపిస్తూ కొంత, తొక్కుతూ కొంత వచ్చారు. సన్నటి వాన. రెండుసార్లు బండి ఆపించి దిగి కక్కుకున్నాను.

నర్సింహులు అన్న బాలయ్యకు బజారులో చిన్న కిరాణా దుకాణం, వెనకాలే ఇల్లు. నర్సింహులుకు పెళ్ళాం పిల్లలు లేరు, అన్న ఇంట్లోనే ఉంటాడు. మేము పోయేసరికి బాలయ్య వాకిట్లో నిలబడి అడ్డం వచ్చాడు. యాభై ఏళ్ళు దాటిన మనిషి, నిద్రలేక కళ్ళు లోపలికి పోయి ఉన్నాయి.

"మీరేనా నర్సమ్మంటే? మీరు చెప్పుమన్నరనే చెప్పిండు. కత్తెర చూస్తె ఎవలనన్న పొడుస్త అనిపిస్తదట! నా ఇంట్ల ముగ్గురు పసిపిల్లలున్నరు. మీరైతె ఏం జేస్తరమ్మా? చెప్పుండ్రి!"

రూతమ్మ చేతులు జోడించింది. "తప్పు నాదే అన్నా. ముందుగాల నేనొచ్చి నీకు చెప్పవలసింది."

"తాళం ఏసినంక ఒర్రిండు. బయట పోలీసులు, లోపల వీడు. ఎవడన్న విని తీస్కపోతె నేనేం జేద్దు? నోరు మూసుకోమన్న. ఇప్పుడు నాలుగు దినాల సంది ఒక్క మాట మాట్లాడ్తలేడు. కూడు గూడ ముట్టుతలేడు." బాలయ్య పైపంచెతో ముఖం తుడుచుకున్నాడు. "నాకన్న పన్నెండేండ్లు చిన్నోడు. నా భుజం మీద పెరిగిండు వాడు."

కొట్టం పక్కనే ఆ అర్ర. తలుపుకు గొళ్ళెం, గొళ్ళేనికి తాళం. నేను పోయి తలుపు ముందు తడి నేల మీద కూర్చున్నాను. ఏం మాట్లాడాలో తెలియలేదు. నాకు తెలిసినవి ఆ మూడు మాటలే.

"నర్సింహులన్నా, నేను శాంతమ్మను. ఈ వారం ఏ గడియ కష్టమైంది?"

మళ్ళీ అడిగాను. వాకిట్లో పిల్లలు గుంపుగా నిలబడి చూస్తున్నారు. మూడోసారి అడిగాక లోపల ఏదో కదిలింది.

"అన్ని గడియలు," అన్నాడు. గొంతు గుర్తుపట్టలేకపోయాను.

"అప్పుడేం చేసినవు?"

"గోడ దిక్కు తిరిగి కూసున్న. చేతులు కింద పెట్టుకొని."

నేను లేచి బాలయ్య వైపు తిరిగాను. మాటలు వాటంతట అవే వచ్చాయి. "అన్నా, ఎండాకాలంల ఒకనాడు నేను ఇంట్లకెళ్ళి గండిపేట దిక్కు నడిచిన. తిరిగి రావాలని నడవలే. మీ తమ్ముడు సైకిల్ ఆపి నా పక్కల కూసున్నడు. తనకే పానం బాగలేదు, అయినా కూసున్నడు. నా ఇద్దరు పిల్లలకు ఇయ్యాల తల్లి ఉన్నదంటె మీ తమ్ముడి వల్లనే. పదేండ్ల సంది గా మాటకు భయపడి సొంత పని వదులుకున్నడు గని ఒక్కరిని ముట్టలే. పొడిచేటోడు గట్ల భయపడుతడా?"

నా వెనక సైకిల్ కింద పడిన చప్పుడయింది. తిరిగి చూడలేదు. చూసే ధైర్యం లేదు.

బాలయ్య తాళంచెవి చేతిలో పెట్టుకుని నిలబడ్డాడు. అప్పుడు లచ్చమ్మ ముందుకు వచ్చింది. "తలుపు తియ్యి. నాకు రయికె కుట్టాలె. కొలత తీస్కుంటడు. పిల్లలను లోపటికి పంపు, కత్తెర నీ చేతుల పట్టుకో. నీకు ఫికర్ ఉంటె నీ ముంగటనే."

తాళం తీశాడు. నర్సింహులు వెలుతురుకు కళ్ళు మూసుకున్నాడు. గడ్డం పెరిగి, సగం మనిషయ్యాడు. లచ్చమ్మ టేపు తెచ్చి అతని చేతిలో పెట్టి, అతని ముందు వీపు తిప్పి నిలబడింది. అతను వద్దు వద్దని తల ఊపాడు. టేపు రెండుసార్లు అతని చేతుల్లోంచి జారి కింద పడింది. ఎవరూ తొందరపెట్టలేదు. చివరికి ఒక భుజం నుంచి ఇంకో భుజానికి టేపు పట్టాడు.

"పద్నాలుగు," అన్నాడు.

అంతే చేయగలిగాడు. కత్తెర వైపు చూడనుకూడా లేదు. మొత్తం కొలత తీసుకోలేదు. అంతా సుఖంగా ముగిసిందని రాయలేను. బాలయ్య పగలు తాళం వేయనని మాత్రం మాట ఇచ్చాడు. కత్తెర దుకాణంలో పెట్టుకున్నాడు. రోడ్డు తెరవగానే తమ్ముడిని తనే స్వయంగా నగరానికి తీసుకుపోతానన్నాడు, నెల తర్వాత తీసుకుపోయాడు కూడా. నర్సింహులు అక్కడ రెండు నెలలు ఉన్నాడు. ఇప్పుడు బట్ట వదినె కత్తిరిస్తుంది, అతను కుడతాడు. గురువారాలకు నెలకోసారి వస్తాడు. ఆ అర్రలో గడిపిన రోజుల గురించి ఒక్కసారి కూడా మాట్లాడలేదు. అతని ముందు తలుపు గొళ్ళెం వేస్తే మాత్రం లేచి నిలబడతాడు.

ఆ రోజు తిరుగు ప్రయాణంలో మా ఆయన సైకిల్‌ను బండిలో పడేసి నా పక్కన కూర్చున్నారు. కొంతదూరం పోయాక నా చెయ్యి తీసుకుని, ఇల్లు వచ్చేదాకా వదలలేదు.

డెబ్బై, వానాకాలం

బడి తెరిచారు. ఒక ఏడాది చదువు పోగొట్టుకున్న పిల్లలు పొడుగయి వచ్చారు. హాజరు పిలిచాను. గురువారాలకు ఇప్పుడు ఐదుగురం. లచ్చమ్మ కొత్తవాళ్ళ పక్కన కూర్చుంటుంది, మాట్లాడమని తొందరపెట్టదు. గోలీలు మళ్ళీ దొరుకుతున్నాయి, వేసుకుంటున్నాను. ఎవరూ మానవద్దని నా మాట.

జబ్బు మళ్ళీ వచ్చింది. అది వస్తుందని రూతమ్మ ముందే చెప్పింది, అయినా రాదనుకున్నాను. పోయిన ఏడు, వానలు బాగా పడుతున్న రోజుల్లో, కూర రుచి పోయింది. మర్నాడు చిన్నమ్మాయి పిలిస్తే దూరం నుంచి పిలిచినట్టు వినిపించింది. మూడోరోజు తెల్లవారుజామున మెలకువ వచ్చింది. రాయి మళ్ళీ వచ్చి కూర్చుంది. అంతకుముందు ఏడాదంతా ఒక్కసారిగా నా మీద పడ్డట్టయింది. ఇంకోసారి నావల్ల కాదనిపించింది.

పొద్దున ఆయన ఆఫీసుకు తయారై, గొడుగు తీసుకుని గడప దిగారు. నేను తలుపు పట్టుకుని నిలబడ్డాను. ఆయన వాకిలి దాటబోతుండగా వచ్చింది మాట.

"ఇయ్యాల నన్ను ఒక్కదాన్ని వదిలిపెట్టి పోకుండ్రి."

ఆయన ఆగారు. తర్వాత లోపలికి వచ్చి, గొడుగు మూలకు పెట్టి, ఆఫీసు అంగీ విప్పి కొక్కేనికి తగిలించి, నా ఎదురుగా నేలమీద కూర్చున్నారు.

"నాకు గూడ భయమైతున్నది శాంతా," అన్నారు. "చేవెళ్ళల నువ్వు చెప్పినవు సూడు, గా దినం సంది రోజూ భయమే. బస్సు దిగి, మన ఇంటి మూల తిరిగి, నువ్వు కనపడేదాక భయమే."

పద్నాలుగేళ్ళ కాపురంలో ఆయన నోట ఆ మాట వినడం అదే మొదలు. నాకు ధైర్యం చెప్పలేదు. నేనూ ఆయనకు చెప్పలేదు.

అత్త చాటలో బియ్యం తెచ్చి మా ఇద్దరి మధ్య పెట్టింది. "ఏరుండ్రి ఇద్దరు," అని లోపలికి పోయింది. ఆయనకు దగ్గరి చూపు ఆనదు, రాళ్ళు సగం వదిలేస్తున్నారు. ఆయన వదిలేసినవి నేను తీశాను. వాన మధ్యాహ్నం దాకా కురిసింది. ఒక్క చాట బియ్యం ఏరడానికి మాకు అంత పొద్దు పట్టింది. ఆ రోజు గడిచింది.